కుడివైపు వంగే ఈత

సముద్రాన్ని చూడకముందే నేను దాన్ని చదివాను. ఇరవై దాటాక గానీ ఉప్పునీళ్లలో కాలు పెట్టలేదు. అయినా ఆటుపోట్లు ఎందుకొస్తాయో, ఒడ్డు వెంట ప్రవాహం ఎలా పాకుతుందో, లోతు పెరిగేకొద్దీ రంగు ఎందుకు మారుతుందో అప్పటికే తెలుసు. మా ఇంటికి దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ల మధ్య, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. డిగ్రీ మధ్యలో ఆగింది గానీ చదవడం ఆగలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మంచి పుస్తకం తెరిస్తే బయటి బస్సుల హారన్లు, ఉర్దూలో సాగే బేరాలు, మధ్యాహ్నం అజాన్, అన్నీ నీళ్ల అడుగున ఉండి విన్నట్టు మెత్తగా వినిపించేవి. నీళ్ల అడుగు నుంచి వినడం అంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఫలక్‌నుమాలో మేముండే రైల్వే క్వార్టర్ల వెనక, పట్టాలు దాటితే ఒక సేట్‌గారి తోట ఉండేది. నూనెల హోల్‌సేల్ వ్యాపారం వాళ్లది. తరతరాలుగా ఇక్కడివాళ్లే. ఆ తోటలో గుండ్రటి రాతి బావి. ఎండాకాలం వస్తే మధ్యాహ్నాలు ఆడపిల్లలకు, సాయంత్రాలు మగపిల్లలకు ఆ బావిని వదిలేసేవారు. మా నాన్న ఖాళీ నూనె డబ్బాకు తాడు వేసి నా వీపుకు కట్టి, మెట్ల దాకా వచ్చి వదిలిపెట్టి డ్యూటీకి పోయేవాడు. డబ్బాతో ఒక ఎండాకాలం, డబ్బా లేకుండా చాలా ఎండాకాలాలు ఆ నీళ్లలో గడిపాను. మునిగి కళ్లు తెరిస్తే ఆకుపచ్చ చీకటి. పైన గుండ్రంగా ఒక ఆకాశం ముక్క. ఎండ ఒక్కటే స్తంభంలా నీళ్లలోకి దిగి, మా కాళ్లు తగిలినప్పుడల్లా విరిగి మళ్లీ అతుక్కునేది.

ఆ బావికి ఒక పద్ధతి ఉంది. ఎడమ చేతికి గోడ ఉండేలా ఈదాలి, గుడి చుట్టూ తిరిగినట్టు. నడుమకు ఎవరూ పోకూడదు. అది పైనుంచి దూకేవాళ్ల చోటు. ఈ పద్ధతి తప్పకుండా చూసేది సేట్‌గారి తల్లి. అందరం సేటమ్మ అనేవాళ్లం. ఆమెకు ఈత రాదు. మెట్ల మీద నీడలో కూర్చుని, ఒళ్లో పొడవాటి వెదురు కర్ర పెట్టుకునేది.

“ఏయ్, ఎవర్తివే ఉల్టా తిరిగేది? గంగమ్మ తల్లికే ఎదురు పోతవా?” అని కర్రతో నీళ్ల మీద టప్పున కొట్టేది. “అందరు గిట్ల పోతుంటే నీకొక్కదానికి అట్లెందుకు? సక్కగ తిరుగు!”

మేము చక్కగా తిరిగేవాళ్లం. చాలా ఏళ్లు తిరిగాను. తిన్నగా ఈదాల్సిన అవసరం ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఇప్పుడు నా పని ఈదడం, సైకిల్ తొక్కడం, పరుగెత్తడం. ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా చేసే పందేన్ని ట్రయథ్లాన్ అంటారు. పరుగుతో మొదలుపెట్టాను, స్కూలు మైదానం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి. తర్వాత సైకిల్ వచ్చింది. ఈత ఎలాగూ వచ్చు కదా అనుకున్నాను. నగరంలోని కొలనులో నీళ్ల అడుగున ఒక నల్ల గీత ఉంటుంది. దాన్నే చూస్తూ పోతే ఎవరైనా తిన్నగా పోతారు. నేనూ పోయాను. ఆ గీత మీద నా టైము బాగుండేది. దేశం జట్టులోకి తీసుకున్నారు. పాస్‌పోర్టు వచ్చిన రోజు మా అమ్మ దాన్ని పసుపు చేత్తో పట్టుకుంది. ఆ మరక ఇంకా ఉంది.

మొదటి పందెం కజకిస్తాన్‌లో ఒక సరస్సు మీద జరిగింది. ఆ నీళ్లు ఎంత చల్లగా, ఎంత నిర్మలంగా ఉన్నాయంటే దిగగానే నాకు దాదాపు నిద్రొచ్చినట్టయింది. చుట్టూ చేతులు, నురుగు, శబ్దం. కాసేపటికి ఆ శబ్దం తగ్గిపోయింది. హాయిగా ఉంది. ఎంతో బాగా ఈదుతున్నాననిపించింది. ఇంతలో నా ముందు ఒక చిన్న పడవ అడ్డంగా వచ్చి నిలిచింది. అందులో ఉన్నామె తెడ్డుతో నీళ్లు కొట్టి, నాకు అర్థంకాని భాషలో ఏదో అరిచి, చెయ్యి చాచి చూపించింది. తలెత్తితే మిగతావాళ్లంతా చాలా దూరంలో, ఎడమవైపున ఉన్నారు. మలుపు తిరగాల్సిన చోట నీళ్ల మీద తేలే పెద్ద పసుపు బుడగ ఉంటుంది, దాన్ని బోయ్ అంటాం. వాళ్లు దానివైపు పోతున్నారు. నేను ఎటూ కాని చోటికి పోతున్నాను.

మా పందెంలో సైకిల్ భాగం ఒకే దారిలో చుట్లు చుట్లుగా ఉంటుంది. ముందున్నవాళ్లు ఒక చుట్టు తిరిగొచ్చి మనల్ని దాటిపోతే మనల్ని తీసేస్తారు. సైకిల్ మీద గుంపులో ఉంటే ముందువాళ్లు గాలిని కోస్తారు, మన శ్రమ తగ్గుతుంది. ఒంటరిగా ఉంటే గాలంతా మనదే. నేను నీళ్లలోంచి అందరికన్నా చివర వచ్చాను, ఒంటరిగా తొక్కాను, దాటేశారు, తీసేశారు.

మా కోచ్ సార్ సికింద్రాబాద్ మనిషి. జట్టులో అందరితో హిందీలో, నాతో మాత్రం తెలుగులో మాట్లాడతారు. తిట్టేటప్పుడు మరీ స్వచ్ఛంగా.

“నువ్వు ఈతకు వచ్చినవా, షికారుకు వచ్చినవా?” అన్నారు.

“సార్, నేను తిన్నగనే పోయిన అనుకున్న.”

“నువ్వు అనుకుంటే అయితదా? బోయ్ అనుకోవాలె గద!”

తర్వాతి పందెంలోనూ అంతే. ఆ తర్వాతా అంతే. ప్రతిసారీ కుడివైపుకే. కుడి భుజం బలహీనంగా ఉందని ఒకరన్నారు. రబ్బరు బ్యాండ్లు లాగించారు. ఊపిరి ఒకవైపే తీసుకుంటున్నావని ఇంకొకరన్నారు. రెండువైపులా నేర్చుకున్నాను. తలెత్తి బోయ్‌ను చూస్తూ ఉండమన్నారు. చూస్తే దారి తప్పను గానీ, తల పైకి లేచిన ప్రతిసారీ నడుము కిందికి దిగుతుంది, వేగం పోతుంది, గుంపు వెళ్లిపోతుంది. చూడకపోతే దారి పోతుంది. నేను గ్రంథాలయానికి పోయి వెతికాను. మంచులో, ఎడారిలో గుర్తులేమీ కనబడని మనిషి తిన్నగా నడుస్తున్నాననుకుంటూ తెలియకుండానే చుట్టు తిరుగుతాడని చదివాను. ఆ రోజు ఎంత సంతోషమైందో! ప్రపంచంలో ఎక్కడెక్కడో దారి తప్పిన బాటసారులంతా నాకు చుట్టాలైపోయినట్టు అనిపించింది. సార్‌కు ఫోన్ చేసి చెప్పాను.

“మంచిది,” అన్నారు సార్. “మరి ఆ పుస్తకంల బోయ్ యాడుంటదో గూడ రాసిండ్రా?”

గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. “చూడు బిడ్డా. థాయిలాండ్ పందెంల గుంపుతోని కలిసి నీళ్లల్లకెల్లి బయటికి రావాలె. రాకపోతే క్యాంపుకు నీ జాగల ఇంకొకామెను తీస్కపోతరు. నేను గూడ ఏం జెయ్యలేను.”

క్యాంపు అంటే పరదేశంలో, కొండల మీద ఒక సరస్సు ఒడ్డున, పెద్ద దేశాల అమ్మాయిలతో కలిసి నెలల తరబడి శిక్షణ. అది దొరికితే నేను ఇంకొన్నాళ్లు ఈ బతుకు బతకగలను. దొరకకపోతే జట్టులో నా చోటు మెల్లగా ఇంకొకరిదవుతుంది. నా వయసులో రెండోసారి పిలవరు. ఇది నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పందేనికి ముందు కొన్ని వారాలు ఇంట్లోనే ఉన్నాను. తెల్లవారుతుండగా సైకిల్ తీసేదాన్ని. ఆ వేళ పాతబస్తీ ఇంకా సగం కలలో ఉంటుంది. షట్టర్లన్నీ మూసి ఉంటాయి. రోడ్డు నిన్నటిదో ఈరోజుదో తెలియదు. ఇరానీ హోటళ్ల ముందు మాత్రం ఆవిరి లేస్తుంటుంది. కొన్ని రోజులు అత్తాపూర్ మీదుగా గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దాకా పోయేదాన్ని. లారీల నుంచి బంతిపూలు దించుతుంటే రోడ్డంతా రేకులు. టైర్లకు అంటుకుని నాతో పాటు కొంత దూరం తిరిగి, ఎండిపోయి, రాలిపోయేవి. తిరిగొచ్చేటప్పుడు ఫలక్‌నుమా దగ్గర చాయ్ హోటల్ ముందు కూర్చునే పెద్దాయన, బండికి ఇంజిన్ ఏదని రోజూ ఉర్దూలో ఒక మాట విసిరేవాడు.

“అరే బేటీ, హెల్మెట్ హై, చష్మా హై, గాడీ కా ఇంజిన్ కహా హై?”

“ఇంజిన్ మై హీ హూ, చాచా!” అనేదాన్ని, నేనే ఇంజిన్నని.

“తో ఫిర్ పెట్రోల్ పీకే జా!” అని, అదే పెట్రోలన్నట్టు, తాగి పొమ్మని చాయ్ గ్లాసు చూపించేవాడు. నేను ఆగేదాన్ని కాదు. అతను పిలవడం మానేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం కజకిస్తాన్ పందెం వీడియో ఒకటి దొరికింది. పైనుంచి, డ్రోన్‌తో తీసింది. అమ్మ మాదన్నపేట మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకుని ఈనెలు తీస్తోంది. ఫోన్ ఆమె ముందు పెట్టాను. పైనుంచి చూస్తే మా టోపీలన్నీ చీమల బారులా ఒక దిక్కుకు పోతున్నాయి. అందులోంచి ఒక్క టోపీ విడిపోయింది. వంకరటింకరగా కాదు. నెమ్మదిగా, నున్నగా, ఎవరో దారం పట్టుకుని తిప్పుతున్నట్టు, ఒకే వంపుతో కుడివైపుకు తిరుగుతూ పోయింది. నా పొరపాటు ఇంత అందంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది.

“ఏందమ్మా?”

“ఏం లేదు. సేటమ్మ ఇంకా మెట్ల మీదనే కూసున్నదనుకుంటున్నవా ఏంది నువ్వు? కర్రతోని కొడ్తదని భయమా?” ఈనె తీసి పక్కన పడేసింది. “ఆ ముసలామె పోయి ఎన్నేండ్లాయె. ఇగ సక్కగ పో బిడ్డా.”

ఆమె సరదాకే అంది. నేను మాత్రం ఆ వీడియోను మళ్లీ పెట్టాను. మళ్లీ పెట్టాను. లేని గోడ ఎడమ చేతికి ఉన్నట్టు, లేని నడుమను కుడిచేతికి వదిలిపెడుతున్నట్టు ఈదుతున్నాను. ఇది భుజం బలహీనత కాదు, ఊపిరి తప్పూ కాదు. నేను నేర్చుకున్న ఈతే ఇది. ఎన్నో ఎండాకాలాలు కష్టపడి ఒళ్లు నేర్చుకున్న దాన్ని రెండు వారాల్లో మరిచిపొమ్మంటే మరిచిపోదు.

మర్నాడు గ్రంథాలయంలో, బల్ల మీద నా రబ్బరు ముక్కను బోయ్‌గా పెట్టాను. చేతి గాజు తీసి దాని పక్కన పెట్టి చూశాను. రబ్బరు ముక్కకు ఎదురుగా మొదలుపెడితే గాజు అంచు దాన్ని తప్పించుకుని కుడికి పోతోంది. గాజును ఎడమకు జరిపాను. ఇంకా జరిపాను. ఒక చోట, గాజు అంచు వంగుకుంటూ వచ్చి సరిగ్గా రబ్బరు ముక్కను తాకింది. వంపును సరిచేయనక్కరలేదు. మొదలుపెట్టే చోటు మార్చుకుంటే చాలు.

ఎదురుగా కూర్చుని లావుపాటి గైడు చదువుతున్న అమ్మాయి చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది.

“అక్కా, మీరు ఏ ఎగ్జామ్‌కు ప్రిపేరైతున్నరు?” అని అడిగింది.

“ఈతకు,” అన్నాను.

“అండ్ల మ్యాథ్స్ గూడ ఉంటదా?” అని జాలిపడి, మళ్లీ గైడులోకి వంగింది.

సార్‌కు చెబుదామని ఫోన్ చేశాను. “ఎడమ చివర నిలబడుతవా? దూరం పెరుగుతది. ఏం అవసరం లేదు. మంచిగ ఈదేటోళ్ల పక్క నిలబడు, వాళ్ల కాళ్లు చూసుకుంట ఎనకనే పో. అంతే,” అన్నారు. సార్ చెప్పింది కూడా సరైనదే. అందరూ అలాగే చేస్తారు.

థాయిలాండ్‌లో మా పందెం ఒక చిన్న తీరపట్టణంలో జరిగింది. ఆ ఉదయం సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత లేదు. రెండూ ఒకే బూడిద రంగులో, పాలలో నీళ్లు కలిసినట్టు కలిసిపోయాయి. నీళ్ల మీద తేలే పొడవాటి వేదిక మీద నుంచి దూకాలి. బోయ్ దూరంగా, వేదిక కుడి సగానికి ఎదురుగా ఉంది. దాన్ని తాకేంత దగ్గరగా పోయి కుడికి తిరగాలి. ముందు పందేల్లో బాగా చేసినవాళ్లను మొదట పిలుస్తారు, వాళ్లకు నచ్చిన చోట వాళ్లు నిలబడతారు. బోయ్‌కు దగ్గరని అందరూ వేదిక కుడి సగంలో చేరారు. నన్ను దాదాపు చివర పిలిచారు. కుడివైపు గట్టి ఈతగత్తెల మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది, సార్ చెప్పిన సందు. ఎడమవైపు వేదికంతా ఖాళీగా, తడిగా మెరుస్తోంది.

నేను ఎడమకు నడిచాను. పాదాల కింద వేదిక మెల్లగా ఊగింది. ఒడ్డు మీది నుంచి సార్ గొంతు వినబడింది.

“అటు గాదు! ఏయ్, అటు గాదు! ఇటూ!”

ఆ జనంలో తెలుగు అర్థమయ్యేది నాకొక్కదానికే. నేను తలతిప్పలేదు. చివరి దాకా పోయి నిలబడ్డాను. నా పక్కన ఎవరూ లేరు.  తప్పైతే ఈ నాలుగడుగులే నన్ను ఇంటికి పంపేస్తాయి.

హారన్ మోగింది.

దూకాక అంతా ఆకుపచ్చ. నా కుడివైపు ఎక్కడో ఉరుములా శబ్దం, అది మిగతావాళ్ల చేతులది. నా నీళ్లలో మాత్రం ఎవరూ లేరు. ఎవరి మోచెయ్యీ తగలలేదు, ఎవరి కాలూ ముఖానికి రాలేదు. తల ఎత్తాలనిపించింది. ఎత్తలేదు. ఒళ్లు ఎటు పోతానంటే అటు పోనిచ్చాను. తిన్నగా పోతున్నానా లేదా అని మొదటిసారి ఆలోచించలేదు. చెయ్యి వేయడం, నీటిని వెనక్కి నెట్టడం, ఊపిరి, బుడగలు. కింద ఇసుక మీద అల నీడలు వలలా కదిలిపోతున్నాయి. ఒక చిన్న చేపల మంద నన్ను చూసి, నిర్ణయం మార్చుకున్నట్టు ఒక్కసారిగా పక్కకు తిరిగింది. ఎంతసేపు అలా పోయానో చెప్పలేను. నిద్రలో నడిచేవాళ్లకు దారి ఇలాగే ఉంటుందేమో.

ఆ ఉరుము శబ్దం మెల్లగా దగ్గరికొచ్చింది. నేను దాని దగ్గరికి పోయానో, అదే నా దగ్గరికి వచ్చిందో! ఒక్కసారి తల ఎత్తాను. ఎదురుగా, చెయ్యి చాచితే అందేంత పెద్దగా, పసుపుపచ్చగా బోయ్.

దాని లోపలి అంచు దగ్గర ఒకరి మీద ఒకరు ఎక్కుతున్నారు. బోయ్‌కు అతుక్కుని తిరగాలని అందరూ తొక్కుకుంటున్నారు. నేను ఎడమ నుంచి, బయటి అంచు మీద వచ్చాను. అక్కడ నీళ్లు ఖాళీ. కుడికి తిరగడం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. తిరిగేసరికి గుంపు మధ్యలో ఉన్నాను. నా ముందు ఎవరివో పాదాలు, తెల్లగా, బుడగలు వదులుతూ. వాటి వెనకే పోయాను. ఇక ఎటు పోవాలో అవే చూసుకున్నాయి.

ఇసుక మీదికి లేచాను. కుడివైపూ ఎడమవైపూ మనుషులు పరుగెడుతున్నారు. తడిసిన జుట్టు, దగ్గు, ఎవరిదో మోచెయ్యి. జీవితంలో మొదటిసారి నీళ్లలోంచి మనుషులతో కలిసి బయటికొచ్చాను. ఆ తర్వాత సైకిల్ మీద గుంపులో దాగి తొక్కడం, కొబ్బరిచెట్ల నీడలు ముంజేతుల మీదుగా గీతల్లా జారిపోవడం, ముందున్నామె చక్రం తప్ప ప్రపంచంలో ఏదీ కనబడకపోవడం, అన్నీ ఒకే పొడవైన ఊపిరిలా గుర్తున్నాయి. ఎవరూ చుట్టు తిరిగొచ్చి నన్ను దాటలేదు. పరుగులో కొందరు వెనకబడ్డారు, కొందరు నన్ను దాటారు. గెలిచినామెకూ నాకూ మధ్య చాలామంది ఉన్నారు.

పందెం అయ్యాక ఇసుకలో కూర్చున్నాను. సార్ వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఆయన కోపంగా ఉన్నారో లేదో తెలియలేదు, ముఖం ఎండకు ముడుచుకుని ఉంది.

“నేను ఎటు పొమ్మన్న?”

“కుడికి, సార్.”

“నువ్వు ఎటు పోయినవ్?”

“ఎడమకు, సార్.”

“మరి ఎట్లొచ్చినవ్ గుంపుల?”

బావి సంగతి, గాజు సంగతి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. మధ్యలో ఒకసారి ముక్కు గోక్కున్నారు.

“సరే. ఇక్కడ కుడికి మలుపు గాబట్టి నీకు నడిచింది. రేపు యాడనో ఎడమకు మలుపు ఉంటది. అప్పుడు అందరికన్న లోపల ఇరుక్కుంటవ్. అప్పుడేం జేస్తవ్?”

“ఎడమకు తిరుగుడు నేర్చుకుంట.”

“ఏడ నేర్చుకుంటవ్?”

నేను ఆయన ముఖంలోకి చూసి, “క్యాంపుల,” అన్నాను.

సార్ వంగారు. బూట్లు విప్పారు. మేజోళ్లు వాటిలో కుక్కారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు.

“క్యాంపు దాక ఎందుకు? లే,” అన్నారు.

“ఇప్పుడా సార్? కాళ్లు లేస్తలేవు.”

“చేతులు లేస్తయి గద. లే.”

ఆయన నీళ్లలోకి నడిచారు. మోకాళ్లు దాటాయి. మడిచిన ప్యాంటు తడిసింది. అప్పుడు మడవడం దండగని తెలిసి, నడుము లోతుకు పోయి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“నేనే బోయ్. నన్ను ఎడమ చేతికి పెట్టుకోని తిరుగు. తల ఎత్తొద్దు.”

నేను పడుకున్నట్టు నీళ్లలోకి జారాను. ఎడమకు, ఎడమకు అనుకుంటూ, ఒళ్లంతటినీ బతిమాలుతూ చేతులు వేశాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. ఇసుక నీడలు కింద కదులుతున్నాయి. ఈసారి బాగా తిరుగుతున్నాననిపించింది.

“ఏడికి పోతున్నవే!” వెనక నుంచి, చాలా దూరం నుంచి సార్ అరుస్తున్నారు. “నేనిక్కడ! ఇక్కడ!”

తలెత్తి చూస్తే ఆయన చాలా చిన్నగా కనబడ్డారు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నారు. నేను వెనక్కి తిరిగి ఆయన వైపు ఈదాను.